పూజలో పెట్టిన డిస్క్

మిల్లులు ఆగిన రోజు రాజపాళయంలో చెవులకు ఏమీ తోచదు. ఆయుధపూజ మధ్యాహ్నం వీధి చివర మరమగ్గాలు కూడా నోరు మూసుకున్నాయి. అందుకని వెనక గదిలో కంప్యూటర్ లోపలి డిస్క్ గరగరమని తిరగడం అర్చనకు మరీ స్పష్టంగా వినబడుతోంది. ఒక ఫోటో మీద నొక్కి, అది తెర మీద తేలేలోపు వంటింట్లోకి వెళ్ళి సుండల్ గుగ్గిళ్ళకి పెట్టిన శనగలు ఉడికాయో లేదో పట్టి చూసి వచ్చింది. వచ్చేసరికి పెళ్ళికూతురి ముఖం ఇంకా మసకగానే ఉంది.

కూర్చుంది. తెర మీది ముఖం తేటపడింది. వేదిక మీది దీపాల వల్ల బుగ్గల మీద పడిన నీలం రంగును కొంచెం తగ్గించింది. తగ్గించిన రంగు తెర మీదకు రావడానికి మళ్ళీ నిరీక్షణ. ఆమె లేచి కిటికీ రెక్క తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

ఇలా అయితే సాయంత్రానికి పని ముగియదని ఆమెకు పొద్దున్నే తెలిసింది. ఒప్పుకోవడానికే ఇంతసేపు పట్టింది.

పని మదురైలో స్టూడియో నడిపే సుందర్‌ది. అతని సొంతూరు ఇదే. రెండేళ్ళుగా అతను అర్చనకు పాత ఫోటోల మీది మరకలు తుడవడం, పాస్‌పోర్టు ఫోటోలకు కోటు తొడగడం లాంటి చిల్లర పనులు పంపిస్తున్నాడు. ఒక పెళ్ళి మొత్తం, ఫోటోలు ఏరడం దగ్గరనుంచి రంగులు సరిచేసి ఆల్బం పేజీలు కట్టడం దాకా, ఎప్పుడూ ఇవ్వలేదు. పోయిన వారం ఫోన్ చేశాడు.

"అక్క, ఈడ మా స్టూడియోల ఆయుధపూజ అంటే మద్యాన్నమే సిస్టమెల్లాం మూసి బొట్టు పెట్టేస్తారు. మరునాడు పూజ అయ్యేదాక ఎవురూ చెయ్యి పెట్టరు. ప్రెస్సువాళ్ళేమో విజయదశమి పొద్దున మంచి గడియలో మొదటి ప్రింట్ ఏస్తారు. దానికి ఈ శ్రీవిల్లిపుత్తూరు కల్యాణం ఆల్బమే కావాలంటాండారు. మీ సిస్టం ఇంట్ల ఉండాది. దానికెవురు బొట్టు పెట్టేది? మీరు పూజ దినం సాయంత్రం లోపల పంపించినారంటే చాలు."

"పంపిస్తాను" అంది అర్చన.

"ఇది బాగా వచ్చినదంటే ఈ సీజన్ కల్యాణాలు మీకే అక్క."

ఆ మాట తర్వాత ఆమె ఒక చోట స్థిరంగా కూర్చున్నది లేదు.

ఆలస్యం ఎందుకవుతోందో పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే తమిళ్సెల్వన్ ఇంటికొచ్చి చూసి చెప్పాడు. సాఫ్ట్‌వేర్, ఫోటోలు, ఏ ఫోటోకు ఏ మార్పు చేశారో రాసిపెట్టుకునే కేటలాగ్, త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే చిన్న బొమ్మల కేష్, అన్నీ ఆ ఒక్క తిరిగే డిస్క్ మీదే ఉన్నాయి. ఒకే మనిషి వాకిలి తుడుస్తూ, పొయ్యి దగ్గర నిలబడి, తలుపు తట్టినప్పుడల్లా పరిగెత్తుతున్నట్టు ఉందన్నాడు. పనులు పంచాలి. ఫోటోలు పెద్ద డిస్క్‌లోనే ఉండనివ్వచ్చు. కేటలాగ్, కేష్ రెండూ వేగంగా చదివే ఎస్సెస్‌డీలోకి పోవాలి. పండగ ముందు పెట్టె మొత్తం విప్పడం వద్దు, సాఫ్ట్‌వేర్‌ని తర్వాత మారుస్తానని చెప్పి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన నల్లటి ఎస్సెస్‌డీ డ్రైవ్ ఒకటి ఇచ్చి వెళ్ళాడు. వెళ్ళేముందు రెండు మాటలు నొక్కి చెప్పాడు. కంప్యూటర్ వెనకాల ఉన్న పోర్టులోనే పెట్టాలి, ముందరిది నిదానం. కేటలాగ్‌ను కాపీ చేసి, కొత్త చోట తెరుచుకుందని చూసుకున్నాకే పాతది తీసేయాలి.

ఉన్న పని చెడుతుందేమోనని అర్చన ఇన్ని రోజులూ ఆ డ్రైవ్‌ను ముట్టుకోలేదు. ఇప్పుడు, శనగలు దించేసి వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుంది. వెనక పోర్టు కోసం బల్ల గోడ నుంచి జరపాలి. జరిపేంత ఓపిక లేదు. ముందరి పోర్టులోనే గుచ్చింది. కాపీ చేస్తే ఒకటి రెండై ఏది కొత్తదో ఏది పాతదో తికమక అవుతుందనుకుని, కేటలాగ్, కేష్ ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని కత్తిరించి అటు అతికించింది. తెర మీద పచ్చగీత మొదలైంది.

గీత కదులుతున్నట్టే ఉండి కదలడం లేదు.

"అర్చనా, తలకి పోసుకోలేదా ఇంకా?" అత్త కనకం గొంతు. "అందరి సామానూ వచ్చేసినది. నువ్వొకదానివే మిగిలినావు."

"వస్తాండాను అత్తా. ఇది కొంచం ముగియనీండి."

"అది నువ్వు చూస్తేనే ముగుస్తుందా? చూడకపోతే ఆగిపోతుందా?"

అదీ నిజమే. గీతను కళ్ళతో తోసి లాభం లేదు. అర్చన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది. నీళ్ళు పోసుకుంటున్నా మనసు గీత మీదే ఉంది. సగం దాటి ఉంటుంది, ముప్పావు అయి ఉంటుంది అని లెక్కలు వేసుకుంటూ శీకాయ సరిగా పోకముందే బయటికొచ్చేసింది.

గదిలో చప్పుడు లేదు. తెర నల్లగా ఉంది. నడుమ గంధం, దాని మీద కుంకుమ బొట్టు. ముందరి పోర్టు ఖాళీగా ఉంది.

పూజ గది గుమ్మంలో పక్కింటి భాగ్యం నిలబడి ఉంది. మామిడాకులు ఇవ్వడానికి వచ్చి పూజకు వేసిన చెక్క పలక చూస్తోంది. పలక మీద అర్చన భర్త రఘురామ స్పానర్ల పెట్టె, కుట్టుమిషన్ కత్తెర, కొబ్బరి తురుము పీట, కొడవలి, పక్కన ఒక తమలపాకు. ఆకు మీద నల్లటి డ్రైవ్. దానికీ గంధం, కుంకుమ, పైన చిన్న మల్లెల తునక. వైరును చక్కగా చుట్టి దారంతో కట్టారు.

"ఇదేంటి కనకమక్క, పౌడరు డబ్బా మాదిరి?" అంటోంది భాగ్యం.

"మా అర్చన పని సామాను" అంది కనకం. "దాంట్లనే కల్యాణాలెల్లాం ఉండాయి."

"ఎవురి కల్యాణం?"

"శ్రీవిల్లిపుత్తూరుది, మదురైది, అడిగినోళ్ళందరిదీ."

"అయితే మా పిల్ల సుగంధిది కూడ దాంట్ల ఏసిపెట్టమను. పెళ్ళికొడుకు మెల్లగా దొరుకుతాడు" అని భాగ్యం నవ్వింది.

అర్చన తడి జుట్టుతో వాళ్ళ వెనకాల నిలబడింది. జుట్టు నుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి. "అత్తా, దాన్ని ఎవురు తీసినది?"

"నేనే. ఆ పెద్ద పెట్టెను నేను ఎత్తగలనా? ముందర ఇది వేలాడతా ఉండె, మినుకు మినుకుమని లైటు వేసుకొని. పనంతా చేసేది ఇదేనని తెలిసిపోయినది."

"ఆఫ్ చేసి తీసినారా?"

"గోడకాడ స్విచ్చు ఆఫ్ చేసినాకే తీసినాను. మిక్సీ కూడ అట్లనే గదా తీసేది. షాకు కొట్టించుకోనా?"

అర్చన గదిలోకి తిరిగొచ్చింది. పవర్ బటన్ మీద వేలు పెట్టింది కానీ నొక్కలేదు. కేటలాగ్ ఫైలు ముందు వెళ్ళిపోయి, కేష్ దగ్గర తెగి ఉంటే పరవాలేదు. చిన్న బొమ్మలను సాఫ్ట్‌వేర్ మళ్ళీ చేసుకుంటుంది. కేటలాగ్ అక్కడ పూర్తిగా రాసుకోకముందే తెగి, ఇక్కడ చెరిగిపోయి ఉంటే, ఈ వారమంతా చేసిన పని అటూ లేదు, ఇటూ లేదు. మూసేటప్పుడల్లా బ్యాకప్ తీయమంటావా అని సాఫ్ట్‌వేర్ అడుగుతూనే ఉండేది. అదొక ఆలస్యమని ప్రతిసారీ వద్దని నొక్కింది తనే.

తమిళ్సెల్వన్‌కి ఫోన్ చేసింది. వెనక ఎక్కడో గుమ్మడికాయ పగిలిన శబ్దం, జనం గోల. అంగడి మూసేశాం, ఈరోజు దేన్నీ ముట్టుకోను అక్కా అని ముందే చెప్పాడు. జరిగింది విని, కాపీ చేశారా కత్తిరించారా అని అడిగాడు. కత్తిరించానని అర్చన ఒప్పుకుంది. డ్రైవ్ పెట్టి చూస్తే తప్ప ఏమీ చెప్పలేనని, అంతదాకా కంప్యూటర్ వేయొద్దని అన్నాడు.

ఆమె మళ్ళీ పూజ గదికి వెళ్ళింది. భాగ్యం వెళ్ళిపోయింది. కనకం బొరుగుల్లో పుట్నాలు, బెల్లం కలుపుతోంది.

"అత్తా, దాన్ని ఒక్క నిముసం ఇయ్యండి. చూసి మళ్ళీ పెట్టేస్తాను."

"పూజకు పెట్టినదాన్ని మద్యలో తియ్యరని నీకు తెలవదా?"

"పూజ అయినాక తీసుకోనా?"

"రేపు పొద్దున మళ్ళీ పూజ చేసి, అప్పుడు తియ్యాల. ఒక దినమైనా దానికి విశ్రాంతి వద్దా?"

"ఈ పొద్దే పని ముగించి పంపించాల అత్తా. లేకపోతే మళ్ళీ నాకు కల్యాణం పని ఇయ్యరు."

కనకం బెల్లం ముక్క నోట్లో వేసుకుని కోడలి వంక చూసింది. "పోయిన ఏడు ఎవురు ముఖం ముడుచుకొని కూర్చున్నది? అందరి సామానూ పెట్టినారు, నాది పెట్టలేదని. కంప్యూటరు టీవీ మాదిరే గదా అని నేనొక మాట అంటే, రెండు దినాలు నాకు కాఫీ ఇచ్చేటప్పుడు గ్లాసు టక్కుమని పెట్టినావు."

"టక్కుమని పెట్టలేదు."

"పెట్టినావు. నా గ్లాసు, నాకు తెలవదా?"

అర్చనకు నవ్వు రాలేదు. పెట్టిన మాట నిజమే.

రఘురామ లోపలికి వచ్చాడు. మిల్లులో ఫిట్టరు. బండి కడిగి, హ్యాండిల్‌కు అరటి పిలక కట్టి, చేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు. తల్లి ముఖం, భార్య ముఖం చూసి, "ఏమైనది?" అన్నాడు.

అర్చన చెప్పింది. చెబుతున్నంతసేపూ పూజ పలక వంకే చూస్తోంది. చెప్పడం ముగిసేలోపే ఏదో ఒకటి జరిగిపోవాలన్నట్టు మాటలు తొందరగా వస్తున్నాయి.

రఘురామ సులువుగా తల ఊపాడు. భార్య కష్టపడటం అతనికి ఇష్టం లేదు. "ఇంతేనా. అమ్మా, అది ఇచ్చెయ్. నా స్పానర్ల మాదిరి కాదు గదా అది. ఊరికే ఇంట్ల ఉండే సామాను. దానికి ఒక పొద్దు పూజ లేకపోతే సామి కోపపడడు." అని పలక దగ్గర వంగి డ్రైవ్ కోసం చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దండి" అంది అర్చన.

రఘురామ చెయ్యి ఆగింది. "నువ్వే గదా అడిగితివి?"

"అడిగినాను. ఇప్పుడు వద్దంటాండాను."

కనకం బొరుగులు కలపడం ఆపలేదు. కానీ డ్రైవ్ ఉన్న తమలపాకును కొడుకు చేతికి అందకుండా రెండు వేళ్ళతో లోపలికి జరిపింది.

అర్చన మేడ మెట్ల మీదికి వెళ్ళి సుందర్‌కి ఫోన్ చేసింది. కూర్చోలేక ఒక మెట్టు ఎక్కి దిగుతూ మాట్లాడింది.

"చెప్పండక్క. ఎక్స్‌పోర్ట్ పోతాండాదా?"

"లేదు సుందర్. నా సిస్టం పూజలో ఉండాది."

"మీ ఇంట్ల కూడానా? ఎవురు పెట్టినది?"

"మా అత్త."

"పెద్దవాళ్ళకి తెలవదక్క. మెల్లగా చెప్పి తీసుకోండి. ఇంట్ల ఉండేదానికి ఏం పూజ?"

"మీ స్టూడియోలోవి తీస్తారా?"

"అది స్టూడియో అక్క."

"ఇదీ అదే పని చేస్తాండాది. అది తియ్యకూడదంటే ఇదీ తియ్యకూడదు. రేపు పొద్దున పూజ అయినాక ముగించి పంపిస్తాను."

"రేపు పొద్దుకి ప్రెస్సువాళ్ళు ఇంకొకరి ఆల్బంతో మొదలుపెట్టేస్తారు. కల్యాణమోళ్ళకి నేను మాటిచ్చినాను. నా పేరేం కావాల?"

"తెలుసు."

"సీజన్ పని గురించి కూడ చూసుకోండి అక్క. నేను పట్టుపట్టి చెప్పడం లేదు. మీరే చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాడు.

డ్రైవ్‌లో కేటలాగ్ ఉందో పోయిందో తెలియదన్న సంగతి ఆమె అతనికి చెప్పలేదు.

సాయంత్రం పూజకు ఆమె కనకం పక్కనే కూర్చుంది. అగరొత్తి పొగలో డ్రైవ్ మీది మల్లెలు వాడుతున్నాయి. రఘురామ బండి ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టడానికి వెళ్ళాడు. అర్చన కళ్ళు మూసుకుంటే ఫోటోలే కనబడుతున్నాయి. తాళి కట్టే ఫోటోలో పెళ్ళికొడుకు మేనమామ మోచెయ్యి అడ్డం వచ్చింది, దాన్ని ఎలా కత్తిరించింది? అక్షింతల ఫోటోకి ఎంత వెలుగు పెంచింది? మళ్ళీ చేయవలసి వస్తే గుర్తుండాలని ఒక్కొక్కటే తలుచుకుంటోంది. నాలుగైదు తర్వాత కలిసిపోతున్నాయి. మళ్ళీ మొదటినుంచి.

"కాలు ఊపకు" అంది కనకం, కర్పూరం వెలిగిస్తూ. "ఇంటికి మంచిది కాదు."

అర్చన కాలు ఆపింది. కాసేపటికి వేళ్ళు కొంగు అంచును మెలిపెట్టడం మొదలుపెట్టాయి.

"అంత పెద్ద పనా?" కనకం గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దదే అత్తా."

"నేను తీసినందుకు చెడిపోయినదా?"

"తెలవదు. రేపు పెట్టి చూస్తేగాని తెలవదు."

కనకం హారతి పళ్ళెం పట్టుకుని డ్రైవ్ వంక చూసింది. ఆమెకూ ఇప్పుడు దాన్ని తీసి ఇచ్చేద్దామని ఉన్నట్టు అర్చనకు అనిపించింది. ఇవ్వబోతే ఏం చెయ్యాలో తెలియక అర్చన కళ్ళకద్దుకుని లేచి, సుండల్ గిన్నె తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి సుందర్ నుంచి మెసేజ్ ఏమీ రాలేదు.

విజయదశమి ఉదయం కనకం మామూలుకన్నా ముందే తలకి పోసుకుంది. పాలు, అరటిపండు నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చి, మొట్టమొదట డ్రైవ్‌ను తీసి కోడలి చేతికిచ్చింది. తన స్పానర్ల పెట్టె కోసం నిలబడిన రఘురామ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

పోర్టు నోట్లో ఎండిన గంధం ఉంది. అర్చన పాత బ్రష్షుతో మెల్లగా దులిపింది. ఈసారి బల్లను గోడ నుంచి లాగింది. రఘురామ పిలవకుండానే వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. వెనక పోర్టులో డ్రైవ్ పెట్టి, కంప్యూటర్ వేసింది. తెర మీది బొట్టును తుడవలేదు, దాని పక్కనుంచే చూసుకుంది.

డ్రైవ్‌లో తప్పేదో ఉంది, సరిచూడమంటావా అని తెర అడిగింది. చూడమంది. కనకం గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. సరిచూడటం ముగిసింది. ఫోల్డర్ తెరిస్తే కేటలాగ్ ఫైలు కనబడింది. కనబడితే సరిపోదు, తెరుచుకోవాలి. అర్చన దాని మీద రెండుసార్లు నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

తెర నిండా బూడిద రంగు గళ్ళు వచ్చాయి. కేష్ పోయింది. మొదటి గడిలో పెళ్ళికూతురు తేలింది, తర్వాత తాంబూలం పళ్ళాలు, తర్వాత మేళం వాళ్ళు, చకచకా ఒకదాని వెనక ఒకటి. ఒకదాన్ని పెద్దది చేసింది. చెయ్యి తీసేలోపే వచ్చేసింది. బుగ్గల మీద నీలం లేదు. మేనమామ మోచెయ్యి లేదు.

"ఉండాదా?" అంది కనకం.

"ఉండాది అత్తా."

"అప్పుడు నేను చెడపలేదు" అని కనకం వెళ్ళిపోయింది.

మిగిలిన పేజీలను అర్చన లేవకుండా ముగించింది. లేవడానికి మధ్యలో ఖాళీ దొరకలేదు. అలవాటు కొద్దీ ప్రతి ఫోటోకీ కాళ్ళు నేలను తన్ని లేవబోయేవి, అంతలో ఫోటో వచ్చేసేది. ఆకలి కూడా తెలియలేదు. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మొదలవుతుండగా ఆల్బం మదురైకి పంపించింది. పంపాక మళ్ళీ అదే తహతహ. ఫోన్ తీసింది, పెట్టింది. అన్నం కలిపి రెండు ముద్దలు తిని వదిలేసింది.

సుందర్ మధ్యాహ్నం దాటాక చేశాడు.

"వచ్చినదక్క. చూసినాను."

"ఎట్ల ఉండాది?"

"బాగుండాది. ప్రెస్సువాళ్ళు పొద్దున వేరే ఆల్బంతో మొదలుపెట్టేసినారు. ఇది రేపే ఏస్తారంట. కల్యాణమోళ్ళు నన్ను బాగా తిట్టినారు."

"తిట్టి ఉంటారు."

"పూజలో పెట్టేసినారు, తియ్యలేదని చెప్పినాను. అప్పుడు కొంచం తగ్గినారు. వాళ్ళింటి పెద్దాయన, ఏ స్టూడియో అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"రాజపాళయంల ఒకటి ఉండాదని చెప్పినాను." సుందర్ అసలు మాటకు వచ్చాడు. "సంక్రాంతి అయినాక తై మాసంల చానా కల్యాణాలు ఉండాయక్క. మీకు పంపించేదానికి ముందు ఒక సంగతి తెలవాల. మీరు ఇంకా ఏయే దినాలు సిస్టం మూస్తారు? ఇప్పుడే చెప్పేస్తే దాన్ని చూసుకొని పని పంచుతాను."

అర్చన మెట్ల మీద నడుస్తున్నది ఆగింది. ఈ ప్రశ్న ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

"ఆయుధపూజకు మూస్తాము" అంది. "మిగిలిన దినాలు నేను ఆలోచించి చెప్తాను. నేను చెప్పకముందు నువ్వు ఎవురికీ మాటియ్యొద్దు."

అటువైపు నుంచి "సరి అక్క" అనే మాట వచ్చేదాకా ఆమె ఫోన్ పెట్టలేదు.